గుడ్డు ఎవరి పళ్లెములోనికి?



ఉదయము తొమ్మిది గంటలయ్యేసరికి జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలలో ఏ వాడకు వెళ్ళినా ఒకటే సందడి. పెట్ట గుడ్డు పెట్టి గూటిలో నుండి దిగి, తానేదో గొప్ప కార్యము చేసినట్టు వాడంతా వినబడేలా అరుస్తుంది. ఆ అరుపు విన్న ఇల్లాలు చేతిలో పని వదిలి గూటి దగ్గరకు వెళ్తుంది. ఆలస్యమైతే కాకి ముందే వస్తుంది, లేకపోతే కుక్క వస్తుంది. వెచ్చగా ఉన్న గుడ్డును కొంగులో వేసుకొని ఆమె లోపలికి తెస్తుంది. ఇంతవరకు అన్ని ఇండ్లలో ఒకటే కథ. ఆ తర్వాత ఆ గుడ్డు ఎవరి పళ్లెములోనికి వెళ్తుందన్నదే ఇంటింటికీ తేడా. ఈ నెల ఆ సంగతే మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది గనుక ముందు దానినే చెప్పుకుంటాను.

బల్ల మీది బుట్ట

ఇరువై ఏండ్ల క్రితము వేదాంత విద్య ముగించుకొని నేను సేవకు వచ్చిన మొదటి గ్రామము జహీరాబాద్‌కు కొద్ది దూరములోనే ఉన్నది. ఎర్ర నేల. వాన మీద ఆధారపడిన జొన్న, కంది చేలు. అక్కడక్కడ చెరకు. సంఘములో ఎక్కువమంది కూలి చేసుకొని బ్రతికేవారే. చేతిలో డబ్బు ఆడేది కాదు గనుక కానుక కూడా వస్తురూపములోనే వచ్చేది. పిడికెడు బియ్యము, కొన్ని జొన్నలు, ఒక సొరకాయ, కోడిగుడ్లు. ఆరాధన ముగిశాక వాటిని వేలము వేసి, వచ్చిన సొమ్ము సంఘపు లెక్కలలో వ్రాసేవాళ్ళము.

ఆ సంఘములో ఒక అవ్వ ఉండేది. భర్త లేడు. కొడుకు చెరకు నరకడానికి పోయేవాడు. ఆమెకు ఆరు పెట్టలు. ప్రతి ఆదివారము పాత చీరముక్క పరచిన చిన్న బుట్టలో నాలుగైదు గుడ్లు తెచ్చి బల్ల మీద పెట్టేది. కొన్ని వారాలు ఆ బుట్ట తప్ప బల్ల మీద మరేమీ ఉండేది కాదు. రెండు కాసులు వేసిన బీద విధవరాలితో ఆమెను పోల్చి నేను ఒకసారి కాదు, మూడుసార్లు ప్రసంగించాను. అవ్వ తల వంచుకొని వినేది.

ఒక బుధవారము మా ఇంటావిడ దర్శనానికి వెళ్తూ ఆ ఇంటికి పోయింది. అవ్వ కోడలికి ఏడవ నెల. కళ్ళ రెప్పలు తెల్లగా పాలిపోయి, గడప దాటితేనే ఆయాసపడుతున్నది. "గుడ్డు తింటున్నవా బిడ్డా?" అని అడిగితే ఆ పిల్ల చెప్పిన మాట ఇది: "గుడ్లు దేవునియి గద అమ్మగారూ. మిగిల్నయి అత్తమ్మ అంగట్ల అమ్ముతది."

ఆ రాత్రి మా ఇంట్లో గుడ్ల కూర. ఆ వారపు వేలములో అవ్వ గుడ్లు పాడుకున్నది మేమే. మా ఇంటావిడ నా పళ్లెములో కూర వడ్డించి, తాను విన్నది చెప్పి, "ఈ గుడ్డు మనది కాదండీ" అన్నది. నాకు ముద్ద దిగలేదు.

మరునాడు అవ్వ దగ్గరకు వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కోడలి సంగతి ఎత్తాను. అవ్వకు కోపము వచ్చింది. "దేవునికి ఇయ్యొద్దంటవా అయ్యగారూ?" అన్నది. "ఇయ్యొద్దంటలేను అవ్వా. నీ కోడలు కడుపుల ఉన్నది గూడ దేవుడిచ్చిందే గద" అన్నాను. అవ్వ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అందరి ముందట మూడుసార్లు మెచ్చుకున్నది మీరే గద" అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దేవునికి అర్పించామని చెప్పి తలిదండ్రులకు చెందవలసినది ఆపేవారిని యేసు ప్రభువు మందలించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయములో నేను చదివాను, బోధించాను కూడా. అది నా సంఘములో, నా పొగడ్త వలననే జరుగుతున్నదని మాత్రము గ్రహించలేదు. తరువాతి ఆదివారము సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. గర్భిణి గాని, బాలింత గాని, చిన్నబిడ్డ గాని ఉన్న ఇంట్లో వారు తిన్న తర్వాతనే గుడ్డు కానుకకు రావాలని పెద్దలందరము కలిసి తీర్మానించాము. అవ్వ మాత్రము బుట్ట తేవడము మానలేదు. అందులో ఒక్క గుడ్డు ఉండేది. రెండు నెలలకు ఆమెకు మనవరాలు పుట్టింది. గుడ్ల వలననే తల్లీ బిడ్డ క్షేమముగా ఉన్నారని నేను చెప్పను. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు కూడా ఆ పిల్ల తప్పక వేసుకున్నది. కాని ఆ రెండు నెలలు ఆ ఇంటి గూటిలో గుడ్డు ఆ ఇంటి పళ్లెములోనికే వెళ్ళింది.

ఒక పెట్ట ఎన్ని గుడ్లు పెడుతుంది?

ఆ తర్వాతనే నేను లెక్క వేయడము నేర్చుకున్నాను. మన నాటు పెట్ట ఒక విడతలో సుమారు పన్నెండు నుండి పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు. అంటే యాభై, అరవై గుడ్లు. ఆరు పెట్టలున్న అవ్వ ఇంట్లో వారానికి ఆరో ఏడో గుడ్లు వచ్చేవి. అందులో నాలుగైదు మా బల్ల మీదికి వస్తే ఇంటికి మిగిలేదేమిటి? ఆ లెక్క ముందే వేసి ఉంటే ఆ మూడు ప్రసంగాలు చేసేవాడిని కాను.

ఎక్కువ గుడ్లు కావాలనుకునే వారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు ఉన్నాయి. పెరట్లో తిరిగి మేసినా వనరాజా ఏడాదికి వంద పైచిలుకు, గ్రామప్రియ నూట అరవై నుండి నూట ఎనభై వరకు గుడ్లు పెడతాయని ఆ సంస్థ చెబుతుంది. అయితే ఇవి సాధారణముగా పొదగవు. పిల్లలను మళ్ళీ కొనుక్కోవలసిందే. గనుక వీటితో పాటు ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోవడము తెలివైన పని. పిల్లలను రెక్కల కింద దాచుకోవడము, గద్ద నీడ పడగానే పిలవడము నాటు తల్లికి తెలిసినట్టు మరొకదానికి తెలియదు. యెరూషలేమును చూచి ప్రభువు తన మనోవేదనను చెప్పుకోవడానికి ఎన్నుకున్నది కూడా ఈ తల్లికోడినే (మత్తయి 23వ అధ్యాయము).

మేత గురించి ఒక మాట. జహీరాబాద్ ప్రాంతములో జొన్న, సజ్జ, కొర్ర వంటి పాత పంటలు నిలబెట్టడానికి పస్తాపూర్ కేంద్రముగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఎంతో శ్రమించాయి. అటువంటి చేలున్న ఊరిలో కోడికి కొని వేయవలసిన మేత తక్కువ. కల్లములో రాలిన గింజ, దంచిన తవుడు, నూకలు, దొడ్డిలో పురుగులు చాలా వరకు సరిపోతాయి. చిన్న పిల్లలకు మన పెద్దవాళ్ళు చెదలు పట్టేవారు. పాత కుండలో పేడ, తడిపిన సొప్ప కుక్కి చెదలున్న చోట బోర్లిస్తే మరునాటికి చెదలు ఎక్కుతాయి. గుడ్డు పెంకు పలుచగా వస్తుంటే పెట్టకు సున్నపు పదార్థము చాలలేదని గుర్తు. వాడిన పెంకులను ఎండబెట్టి మెత్తగా పొడి చేసి మేతలో కలపండి. పెంకులను అలాగే వేస్తే మాత్రము కోడి గుడ్డు పొడుచుకొని తినడము నేర్చుకుంటుంది.

గుడ్డు ఏరే పద్ధతి

పెంకు తయారు కావడానికే దాదాపు ఇరువై గంటలు పడుతుంది. ఒక గుడ్డుకు మరొక గుడ్డుకు ఇరువై నాలుగు నుండి ఇరువై ఆరు గంటల వ్యవధి ఉంటుంది గనుక పెట్ట రోజురోజుకు కొంత ఆలస్యముగా పెడుతూ, చివరకు ఒక రోజు మానుతుంది. "నిన్న పెట్టింది, ఇయ్యాల పెట్టలేదు, ఎవరో ఎత్తుకపోయిండ్రు" అని పొరుగింటివారి మీద అనుమానపడే ముందు ఈ సంగతి జ్ఞాపకము చేసుకోవాలి. ఒక గుడ్డు కొరకు రెండు కుటుంబాలు ఏడాది పాటు పలకరించుకోకపోవడము నేను చూచాను. చివరకు ఆ పెట్ట సొప్ప కుప్ప వెనుక పదకొండు గుడ్లతో దొరికింది!

గూటిలో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి, లైటు వేసి చూడండి. గుడ్ల కొరకు పాము కూడా వస్తుంది. ఉదయము పదింటికి ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి ఏరండి. ఎండకాలములో మరొకసారి కూడా ఏరాలి. అన్ని గుడ్లూ తీసివేస్తే పెట్ట ఆ చోటు వదలి కంపలలోనికి పోతుంది గనుక ఒకటి ఆనవాలుగా విడిచిపెట్టాలి. దాని మీద బొగ్గుతో గీత గీస్తే పాతది ఏదో, కొత్తది ఏదో తెలుస్తుంది. గూటిలో పిల్లల మీదనో గుడ్ల మీదనో కూర్చున్న తల్లిపక్షిని పట్టుకోకుండా విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. తీసుకొనేటప్పుడు కూడా మొదలంటా తీసుకోకూడదన్న పాఠము నాకు అందులో కనబడుతుంది.

గుడ్డును నీళ్ళతో కడగవద్దు. పెంకు నిండా కంటికి కనబడని వేలాది రంధ్రాలు ఉంటాయి. వాటిని మూసి ఉంచే పలుచని పొర కడిగితే పోతుంది, మురికి లోపలికి చేరుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. బాగా మురికైన గుడ్డును వండే ముందు మాత్రమే కడిగి, ముందుగా వాడుకోండి. వెడల్పు వైపు పైకి ఉండేలా, చల్లని మూల తడి ఇసుక పోసిన తొట్టిలో కుండ పెట్టి అందులో దాచండి. పుంజు కలిసిన గుడ్డు వేసవి వేడికి లోపల పిండము కదిలి త్వరగా పాడవుతుంది. తినడానికే అయితే పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డు ఎక్కువ కాలము నిలుస్తుంది.

కంపలో దొరికిన గుడ్డు మంచిదో కాదో తెలియకపోతే గిన్నెడు నీళ్ళలో వేయండి. తాజాదైతే అడుగున పడుకుంటుంది. కొన్ని రోజులదైతే ఒక కొన పైకి లేస్తుంది. తేలితే పారవేయండి. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ రంధ్రాల గుండా పోయి గాలి అర పెరుగుతుంది గనుక ఇలా జరుగుతుంది.

పొదగడానికి పెట్టే గుడ్లు వారము లోపువి అయి ఉండాలి. పెట్టకు పది, పన్నెండుకు మించి పెట్టవద్దు. ఏడవ రోజు రాత్రి చీకటిలో టార్చిలైటు ముందు పట్టుకుంటే జీవమున్న గుడ్డులో సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనబడతాయి. ఖాళీగా కనబడినవి తీసివేయవచ్చు. ఇరువై ఒకటవ రోజుకు పిల్లలు లేస్తాయి.

బాతు గుడ్లు

మన మెట్ట ప్రాంతములో బాతులు తక్కువే. చెరువు కింద ఉన్న ఊళ్ళలో అక్కడక్కడ కనబడతాయి. బాతు పెంచడానికి చెరువే ఉండనక్కర లేదు. తల ముంచుకునేంత లోతు నీళ్ళున్న తొట్టి చాలు. బాతు గుడ్డు తెల్లవారకముందే, లేదా ఎనిమిది తొమ్మిది గంటల లోపే పెడుతుంది. కోడిలా గూడు వెదుక్కోదు, నడిచే చోటనే బురదలో పెట్టి పోతుంది. గనుక తొమ్మిది దాటిన తర్వాతనే బాతులను బయటకు వదలండి. లోపల పొడి గడ్డి పరచండి. గుడ్లన్నీ అక్కడనే దొరుకుతాయి. నేల మీద, తడిలో పడే గుడ్డు గనుక బాతు గుడ్డును పూర్తిగా ఉడికించే తినాలి.

ఎక్కువ గుడ్లు పెట్టే బాతులు పొదగడము అరుదు. ఆ పని కోడికే అప్పగిస్తారు. బాతు గుడ్డు పెద్దది గనుక ఆరు, ఎనిమిది చాలు, ఇరువై ఎనిమిది రోజులు పడుతుంది. తాను పొదిగిన పిల్లలు నీళ్ళు కనబడగానే దిగిపోతుంటే ఆ కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ పిలిచే దృశ్యము చూచిన వారెవరూ మరచిపోరు. చదువుకొరకు పట్నము పోయిన పిల్లల తల్లులకు అది బాగా అర్థమవుతుంది.

మూడు రోజులలో ఖాళీ అయిన గంప

అవ్వ సంగతి ఇంకొంత ఉన్నది. మనవరాలు పుట్టిన మరుసటి వేసవిలో ఊరిలో కోళ్ళకు తెగులు వచ్చింది. పచ్చని పారుడు, నోరు తెరచి ఊపిరి తీయడము, మెడ వంకర తిరగడము. మూడు రోజులలో అవ్వ ఆరు పెట్టలలో ఐదు పోయాయి. మన పల్లెలలో దీనిని కొక్కెర తెగులు అంటారు. రానికెట్ వ్యాధి అన్నది దీనికి మరో పేరు. వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఉన్నది.

మరి టీకా ఎందుకు వేయించలేదు? నిర్లక్ష్యము ఒక్కటే కారణము కాదు. టీకా సీసా సాధారణముగా వంద కోళ్ళకు సరిపడేది వస్తుంది. మంచులో పెట్టి తేవాలి, కలిపిన తర్వాత రెండు గంటలలోగా వేసేయాలి. ఆరు కోళ్ళున్న అవ్వ ఒక్కతే ఆ సీసా ఏమి చేసుకుంటుంది? ఒక్క ఇంటికి కానిది వాడ అంతా కలిస్తే సులభము. ఆ మరుసటి ఏడు స్త్రీల సమాజపు సహోదరీలు ఇంటింటికీ తిరిగి కోళ్ళను లెక్క వ్రాశారు. వేసవికి ముందే ఒక రోజు నిర్ణయించుకొని, పశువైద్య సిబ్బందిని పిలిపించి, తెల్లవారుజామున కోళ్ళు గంపల కింద ఉండగానే అన్నిటికీ వేయించారు. మన సంఘస్థులవి, ఇతరులవి అని తేడా చూడలేదు. తెగులు ఇంటి గోడ చూచి ఆగదు గదా!

పిల్లలకు ఐదు నుండి ఏడు రోజుల వయస్సులో కంటిలోనో ముక్కులోనో లాసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. ఈ వివరాలను మీ దగ్గరి పశువైద్యశాలలో గాని, జహీరాబాద్ సమీపాన దిడ్గిలోని కృషి విజ్ఞాన కేంద్రములో గాని అడిగి తెలుసుకోండి. జబ్బుపడిన కోడికి టీకా వేయించకండి. కోళ్ళు ఒక్కసారిగా చనిపోతే వట్టి చేతులతో ముట్టకండి, కాలువలో పారవేయకండి, కోసుకొని తినకండి. వెంటనే పశువైద్యునికి తెలపండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు లక్షల కోళ్ళు పోయిన సంగతి మనము మరువకూడదు.

అమ్మాలా, తినాలా?

బీద ఇంటికి గుడ్డు చేతి ఖర్చు కూడా. ఉప్పు, నూనె, పిల్లల నోటు పుస్తకము దాని మీదనే వస్తాయి. గనుక అమ్మవద్దని నేను చెప్పను. అయితే ఒక సంగతి తెలుసుకోండి. నాటు గుడ్డుకు బజారులో ఫారము గుడ్డు కంటే చాలా ఎక్కువ ధర పలుకుతుంది. బలములో మాత్రము ఆ తేడా లేదు. పెంకు రంగును బట్టి బలము రాదు. సొన ముదురు పసుపుగా ఉండడము కోడి తిన్న పచ్చ ఆకు, మేత వలన. పైగా నాటు గుడ్డు చిన్నది. నలుబది గ్రాముల నాటు గుడ్డు ఒకటి అమ్మి, యాభై గ్రాములు దాటిన ఫారము గుడ్లు రెండు కొని బిడ్డకు, తల్లికి పెట్టినా మేలే. ఫారము గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఫారము గుడ్డు ధరను 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘము ప్రతిదినము ప్రకటిస్తుంది. నాటు గుడ్డుకు అటువంటి ప్రకటన లేదు, గుమ్మము దగ్గరికి వచ్చిన బేరగాడు చెప్పిందే ధర. బజారు ధర అడిగి తెలుసుకొని అమ్మండి.

గర్భిణికి గుడ్డు వేడి చేస్తుందని ఇప్పటికీ అనేవారున్నారు. ఆ భయము అక్కరలేదు. మన తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనముతో పాటు గుడ్డు పెట్టేది ఆమె బలము కొరకే. అక్కడ ఒకటి పెడుతున్నారు గదా అని ఇంట్లో మానిపించకండి.

కుమారుడు గుడ్డు అడిగితే తేలును ఇచ్చే తండ్రి ఉండడని లూకా సువార్త 11వ అధ్యాయములో ప్రభువు చెప్పాడు. తేలును మనము ఎవ్వరమూ ఇవ్వము. కాని అడగడానికి నోరు రాని కోడలిని, అడగడము తెలియని పసిబిడ్డను దాటి గుడ్డు బజారుకు పోతున్నదేమో, బల్ల మీదికి పోతున్నదేమో ఒకసారి చూచుకోవాలి. కాపరులైన మనము ముందుగా చూచుకోవాలి.

అవ్వ ఇప్పుడు లేదు. తెగులు మిగిల్చిన ఒక్క పెట్టతోనే ఆమె మళ్ళీ గంప నింపుకున్నది. ఆ మనవరాలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. ఈ మధ్య ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో నాకు టీ ఇచ్చారు. కోడలు, ఇప్పుడు ఆమే ఇంటి పెద్ద, వెళ్ళేముందు నాలుగు గుడ్లు కాగితములో చుట్టి నా చేతిలో పెట్టబోయింది. నా చూపు పసిగట్టి నవ్వింది. "అందరం తిన్నంక మిగిలినయే అయ్యగారూ, తీసుకోన్రి" అన్నది. తీసుకున్నాను.